ఏడో దారం

నేను చేసిన ఫ్యాన్లు బాగా పనిచేశాయి. ఆ మాట ముందే చెప్పాలి. ఏదో అయిందనిపించి ఊరుకుని ఉంటే మా అత్తయ్య ఇవాళ కూడా ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని నా వంటకి వంకలు పెడుతూ ఉండేవారు.

మాది మూడో అంతస్తులో రెండు గదుల వాటా. ఒక గది అత్తయ్యది. రెండోది మాది. మా గదిలో మంచానికీ గోడకీ మధ్య ఒక గుడ్డ గుడారం ఉండేది. నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. బయట నలుపు, లోపల వెండిరంగు, ముందు నిలువునా జిప్పు. ఇంట్లో మొక్కలు పెంచుకునేవాళ్ళ కోసం చేసింది. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ దాన్ని మెట్ల కింద పారేస్తుంటే అడిగి తెచ్చారు. "నువ్వు చదివిన వృక్షశాస్త్రమంతా పుదీనా కుండీకే ఖర్చయిపోతోంది" అన్నారు.

అందులో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచడం మొదలుపెట్టాను. గడ్డి ఉడకబెట్టి, నీళ్ళు పిండి, పాలిథిన్ సంచుల్లో కూరి, పొరపొరకీ విత్తనం చల్లి, మూతికట్టి వేలాడదీయాలి. మూడు వారాలకి సంచి పాలలా తెల్లబడి, చిల్లుల్లోంచి గుత్తులు తోసుకొస్తాయి. ఎనిమిది సంచులు పట్టాయి. అత్తయ్య దానికి నా రెండో కాపురం అని పేరు పెట్టారు. పొద్దున్నే నేను జిప్పు తీస్తున్న చప్పుడు వినబడితే చాలు, అవతలి గదిలోంచి "ఏమ్మాయ్, ఆ కాపురంలో అందరూ లేచారా?" అని కేకేసేవారు.

ఇల్లుగలాయనకి మాత్రం ఈ సంగతి తెలియకూడదు. మాకు ముందున్నవాళ్ళు ఇంట్లో బట్టలకి రంగులద్దే పని పెట్టి, కింది వాటా పైకప్పంతా నాననిచ్చారట. అందుకని నీళ్ళతో పని ఏదీ ఇంట్లో పెట్టకూడదని చేరేటప్పుడే మాట తీసుకున్నాడు. ఒకసారి కుళాయి చూడటానికి వచ్చి గుడారం చూశాడు.

"ఏంటిది?" అన్నాడు.

అత్తయ్య గుమ్మంలోంచే అందుకున్నారు. "బట్టల బీరువా నాయనా, గుడ్డది. చెక్క బీరువా కొంటాను కొంటానని మావాడు పెళ్ళినాటినుంచీ అంటున్నాడు. వాడి మాట నమ్ముకుంటే నా కోడలి బట్టలు దండేనికే ఉండేవి."

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి అది బట్టల బీరువా అయింది. పక్కింటివాళ్ళకీ, పాలవాడికీ, అందరికీ. అబద్ధం చెప్పాలి అనుకుని చెప్పడం కూడా మానేశాం. అలవాటైపోయింది.

మొదటి రెండు కోతలూ పాడయ్యాయి. మా వీధి చివర ఒక ఆఫీసు క్యాంటీను ఉంది. దాని వంటమాస్టరు చూసి తీసుకుంటానన్నాడు. నా బుట్టలోంచి ఒక గుత్తి తీసి వెలుతురుకి పట్టుకుని, "ఇవి పుట్టగొడుగులా తల్లీ, మేకులా? నాకు గోడకి పటాలు కొట్టుకునే పని లేదు" అన్నాడు. కాడలు బారెడు సాగి, తలలు చొక్కా గుండీలంత ఉన్నాయి. గాలి ఆడకపోతే అలాగే అవుతుంది. అవి వదిలిన గాలి బరువెక్కి కింద పేరుకుంటుంది. దాంట్లోంచి పైకి రావాలని కాడ సాగదీస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా గుడారం గుడ్డదే కదా, ఎంతో కొంత గాలి ఆడుతుందిలే అనుకున్నాను.

టేబుల్ ఫ్యాను లోపల పెట్టి చూశాను. ఒక్క పూటలో సంచులు ఎండి బీటలు వారాయి. అప్పుడు సీసం బాబాయి దగ్గరికి వెళ్ళాను. వీధి మొగలో పాత సామాన్ల మెకానిక్ ఆయన. పొద్దస్తమానం సీసం కరిగించి అతుకులు పెడుతూ ఉంటాడు కాబట్టి ఆ పేరు. పాత కంప్యూటర్లలోంచి తీసిన అరచేయంత ఫ్యాన్లు ఒక డబ్బా నిండా ఉన్నాయి ఆయన దగ్గర.

"ఎందుకమ్మా?" అన్నాడు.

"బట్టల బీరువాలో చెమ్మ వాసన వస్తోంది బాబాయ్."

"బీరువాకి నాలుగు ఫ్యాన్లా? మీ బట్టలు నాకంటే సుఖపడుతున్నాయి" అని, ఒక్కొక్కటీ తిప్పి చూసి, చప్పుడు చెయ్యనివి ఏరి ఇచ్చాడు.

ఆ పది రోజులూ నాకు ఇంకేం పట్టలేదు. ఐస్‌క్రీం డబ్బాల అడుగులు గుండ్రంగా కోసి ఫ్యాన్లు బిగించాను. పాడైపోయిన ఇంటర్నెట్ పెట్టె అడాప్టరుతో కరెంటు ఇచ్చాను. పైనుంచి గాలి లోపలికి రావడానికి ఒకటి, దాని మూతికి దూది పొర. కింద పేరుకున్న గాలిని లాగి బయటికి తోయడానికి రెండు, ఒకదాని వెనక ఒకటి. నాలుగోది గోడకేసి తిప్పాను, సంచుల మీద సూటిగా కొట్టకుండా గాలి గోడకి తగిలి తిరిగేలా.

గాలి కంటికి కనబడదు కదా. అత్తయ్య పాత స్వెట్టరు ఒకటి విప్పదీసి, ఎర్ర ఊలు దారాలు జానెడేసి పన్నెండు కోసి, గుడారంలో పన్నెండు చోట్ల వేలాడదీశాను. కదులుతున్నచోట గాలి ఉన్నట్టు. అత్తయ్య కుర్చీ తెచ్చుకుని జిప్పు సందులోంచి చూస్తూ కూర్చునేవారు. నేను ఫ్యాను అంగుళం జరిపి అడిగేదాన్ని.

"ఇప్పుడు?"

"మూడోది లేచింది. తొమ్మిదోది ఊగుతోంది. ఏడోది ఇంకా పడుకునే ఉంది."

"ఇప్పుడు?"

"అబ్బే. అది అచ్చం మీ మామగారే అమ్మాయ్. కేకేస్తేగానీ లేవదు."

ఏడో దారం వెనక మూలలో, అడుగున ఉండేది. దాన్ని కదిలించడానికే మూడు రోజులు పట్టింది. అది కదిలిన పూట అత్తయ్య చప్పట్లు కొట్టారు.

తోసిన గాలి ఎటు పంపాలన్నది మిగిలింది. మా గది కిటికీ మెట్లవైపు తెరుచుకుంటుంది. ఇల్లుగలాయన రోజుకి నాలుగుసార్లు ఆ మెట్లు ఎక్కి దిగుతాడు. తడిగడ్డి వాసన ఆయన ముక్కుకి తగలకుండా ఉండదు. అత్తయ్య గదికీ మా గదికీ మధ్య గోడలో పైన ఒక వెంటిలేటరు ఉంది. అత్తయ్య కిటికీ ఎండైనా వానైనా తెరిచే ఉండేది. కిచెన్ చిమ్నీకి వాడే మడతల గొట్టం ఒకటి తెచ్చి, గుడారం అడుగునుంచి గోడవెంబడి పైకి తీసుకెళ్ళి, ఆ వెంటిలేటర్లో పెట్టాను. గాలి ఆ గదిలోకి వెళ్ళి, కిటికీలోంచి బయటికి పోతుంది. కాగితం మీద గీసుకుని కూడా చూశాను.

"వాసన వస్తుందేమో అత్తయ్యా" అన్నాను.

"పెట్టుకోవే. నా ముక్కు మూతపడి పదేళ్ళయింది. నీ పోపు మాడినా నాకు తెలియటంలేదు, అది నీ అదృష్టం."

నేను చేసింది మంచి పని అని చెప్పాను కదా. అతుకుల్లో ఎక్కడా వెంట్రుకంత సందు లేదు. లోపలికి వచ్చేదానికన్నా బయటికి తోసేది ఎక్కువ కాబట్టి గుడారం గుడ్డ ఎప్పుడూ కాస్త లోపలికి పీల్చుకున్నట్టు ఉండేది. మా గదిలోకి ఏదీ రాదు. మేమిద్దరం ఆ గుడారం పక్కనే పడుకునేవాళ్ళం, ఒక్క తుమ్ము కూడా లేదు. అంతా గొట్టంలోంచే పోయేది.

తర్వాతి కోత అరచేతులంత వచ్చింది. వంటమాస్టరు గుత్తి అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంకొక్క రోజు ఉంచి కొయ్యి తల్లీ, ఇంకా పెద్దవి కావాలి" అన్నాడు. ఉంచాను. ఒక రోజు ఎక్కువ ఉంచితే అంచులు పైకి తిరుగుతాయి. అంచు తిరిగిందంటే కింద మడతల్లోంచి సిద్ధబీజాలు రాలడం మొదలైందన్నమాట. ఈ ముక్క నేను పరీక్షలో రాశాను, దానికి పూర్తి మార్కులు వచ్చాయి.

నెల తిరిగేసరికి అత్తయ్యకి దగ్గు పట్టుకుంది. పొడిదగ్గు. సాయంత్రానికి కాస్త వొళ్ళు వెచ్చబడేది. చలిగాలి పడటంలేదన్నాను నేను. మా ఆయన వెళ్ళి ఆ గది కిటికీ మూసేశారు.

ఆ కిటికీ మూసింది ఆయన, మూయమన్నది నేను. తర్వాత మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అత్తయ్య మంచం పక్కన ఒక నల్ల రేడియో ఉండేది. పొద్దున్నే గదులు తుడిచేటప్పుడు దాని నెత్తిన సన్నటి తెల్లటి పొడి కనబడేది. మంచం తలవైపు చెక్కమీదా, కళ్ళజోడు పెట్టెమీదా కూడా. రోజూ తుడిచేదాన్ని.

"పౌడరు మీ మొహానికా అత్తయ్యా, రేడియోకా?" అన్నాను ఒకరోజు.

"దానికి సంబంధాలు చూస్తున్నాను. నాకెలాగూ కుదరవు" అని, నవ్వబోయి దగ్గారు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. నేను వీపు నిమురుతూ, ఇంకో చేత్తో రేడియో తుడుస్తున్నాను.

మెట్లు దిగడం మానేశారు. తర్వాత వంటింటిదాకా రావడం మానేశారు. ఒక పొద్దున గోళ్ళు నీలంగా కనబడితే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ డాక్టరు పక్కన నిలబడి రాసుకుంటున్న నర్సు ఇల్లుగలాయన కూతురు. "బావున్నారా అక్కా?" అని నన్ను పలకరించింది కూడా.

డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇంట్లో పావురాలుగానీ చిలకలుగానీ ఉన్నాయా?" అని అడిగాడు.

"లేవు బాబూ" అన్నారు అత్తయ్య.

"గోడలకి చెమ్మ, బూజు? దుమ్ము లేచే పనేమన్నా చేస్తారా?"

"ఇల్లు అద్దంలా ఉంచుతానండీ" అన్నాను. గొప్పగానే అన్నాను.

"ఇంకేమన్నా పెంచుతారా ఇంట్లో?"

నేను నోరు తెరిచేలోపల అత్తయ్య ఆ అమ్మాయివంక ఒకసారి చూసి, ఊపిరి కూడదీసుకుని చెప్పారు. "కోడల్ని పెంచుతున్నాను బాబూ. దాని మేతే ఎక్కువ."

డాక్టరు నవ్వాడు. నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ప్రశ్నకీ గుడారానికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. ఎవరైనా అడిగితే ఇల్లు పోతుందన్న భయం ఒక్కటే తట్టింది. ఆ గండం గడిచినట్టు అనిపించింది.

ఐదు రోజులు అక్కడ ఉంచారు. మూడో రోజుకే దగ్గు తగ్గింది, ఐదో రోజు నా చెయ్యి పట్టుకోకుండా వరండా చివరిదాకా నడిచారు. ఇంటికి తెచ్చాం. కిటికీ మూసి, దుప్పటి కప్పి, పడుకోబెట్టాం. నాలుగో రోజుకి మళ్ళీ మొదటికొచ్చింది. "ఇంట్లో కంటే అక్కడే బాగుంది, కోడలి సేవ పడటంలేదు నాకు" అన్నారు అత్తయ్య. అది ఆవిడ వేళాకోళం. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు.

అదే వారం బయటికి తోసే ఫ్యాను ఒకటి ఆగింది. మేం ఆసుపత్రిలో ఉన్నప్పుడు కొయ్యని గుత్తులన్నీ ముదిరిపోయి ఉన్నాయి. అందుకని తొందరపడి, అంచులు పైకి తిరిగిన తలలన్నీ ఊడదీసి పారేసి, ఫ్యాను తీసుకుని సీసం బాబాయి దగ్గరికి వెళ్ళాను.

ఆయన దాన్ని వేలితో తిప్పాడు. తిరగలేదు. సన్నటి స్క్రూడ్రైవరుతో విప్పాడు. రెక్కల వెనక తెల్లటి ముద్ద, తడిపిండిలా పేరుకుపోయి ఉంది.

"ఇది కాలిపోలేదమ్మా. ఊపిరాడక ఆగింది" అన్నాడు. గోటితో కాస్త గీకి చూశాడు. "బట్టల దుమ్ము బూడిదరంగులో ఉంటుంది, అందులో నూలు ఉంటుంది. ఇదేంటి? పిండిమరలో పెట్టావా?"

నేను వంగి ఆ ముద్దని వేలితో ముట్టుకున్నాను.

"వెనక ఇంత పట్టిందంటే ముందుకి ఎంత కొట్టి ఉంటుందో. అవతలవైపు ఎవరూ లేరు కదా?"

కాలేజీలో మాకు ఒక ప్రయోగం ఉండేది. పుట్టగొడుగు తలని నల్లకాగితం మీద బోర్లించి, గిన్నె మూతపెట్టి ఉంచేవాళ్ళం. మర్నాడు తల ఎత్తితే కాగితం మీద తెల్లటి గీతలు, చక్రం ఆకుల్లా. రాలిన సిద్ధబీజాలు. నాది తరగతిలోకెల్లా శుభ్రంగా వచ్చిందని మాస్టారు గోడకి అంటించారు. నెలన్నర నుంచి ఆ నల్లకాగితాన్ని నేను రోజూ పొద్దున తడిగుడ్డతో తుడుస్తున్నాను, అత్తయ్య నల్ల రేడియో నెత్తిమీద.

ఫ్యాను అక్కడే వదిలేసి వచ్చాను. ప్లగ్గులన్నీ పీకాను. గొట్టం లాగేశాను. అత్తయ్య గది కిటికీ తెరిచాను. ఆవిడ నిద్రలోంచి లేచి, "చలి అమ్మాయ్" అన్నారు.

మా ఆయన వచ్చాక చెప్పాను. ఆయన మంచం అంచున కూర్చుని చాలాసేపు బూట్లు విప్పలేదు. "డాక్టరుకి చెప్తే ఆ పిల్ల వింటుంది" అన్నారు. తర్వాత, తనే, "పద" అన్నారు.

డాక్టరు తిట్టలేదు. ఊపిరితిత్తులు అప్పటికే మచ్చకట్టి గట్టిపడ్డాయనీ, మెత్తగా ఉన్న భాగం కోలుకుంటుందనీ, గట్టిపడింది వెనక్కి రాదనీ చెప్పాడు. ఎంత గట్టిపడిందని అడిగాను. ఆయన ఫిలిం దీపానికి తగిలించి చూపించాడు. చెప్పనక్కర్లేకపోయింది.

అత్తయ్యకి నేనే చెప్పాను. ఆక్సిజన్ యంత్రం ఇంటికి తెచ్చిన రోజు, ముక్కుకి గొట్టం సర్దుతూ, ఏడవకుండా మొదటినుంచీ వరసగా చెప్పాను. వెంటిలేటరు, గొట్టం, కిటికీ, పొడి.

ఆవిడ వెంటిలేటరువైపు చూశారు. "పావురాలు లేవని చెప్పాను. అది అబద్ధం కాదు కదా?"

"కాదు అత్తయ్యా."

"మరింకేం. ఏడవకు, గొట్టం సరిగ్గా పెట్టు. చెవికి కోసుకుంటోంది."

రెండు రోజుల తర్వాత ఇల్లుగలాయన వచ్చాడు. కూతురు చెప్పి ఉంటుంది. గుడారం అప్పటికే విప్పి, మడిచి, గోడకి ఆనించి ఉంది. ఖాళీ చెయ్యమంటాడని నిలబడి ఉన్నాను. ఆయన గుమ్మం దగ్గరే ఆగి, మంచంమీద అత్తయ్యనీ, చప్పుడు చేస్తున్న యంత్రాన్నీ చూసి, చెప్పులు కూడా విడవకుండా అన్నాడు.

"పుట్టగొడుగులట కదమ్మా. ఒక్క ముక్క అడగాల్సింది. డాబా మీద రేకుల గది ఖాళీగానే పడి ఉంది. అక్కడ పెట్టుకోమనేవాణ్ణి."

ఆ మాటని నేను ఇప్పటికీ మొయ్యలేకపోతున్నాను. ఆయన చెడ్డమాట అన్నా మోసి ఉండేదాన్ని.

ఆ తర్వాత నాలుగు నెలలు. మందులకి కొన్నాళ్ళు కాస్త తేరుకున్నట్టే అనిపించింది. తర్వాత యంత్రం మీద అంకె పెంచుకుంటూ వచ్చాం. చివరికి యంత్రం ఎంత ఇచ్చినా చాలేది కాదు. గాలి అందుతోందని డాక్టరు అంటాడు, అందటంలేదని అత్తయ్య చేతులు దుప్పటిని పట్టుకుని చెప్తాయి. మొహానికి చల్లగా గాలి తగిలితే ఆ ఆయాసం కొంత సర్దుకుంటుందని నర్సు, ఆ ఇల్లుగలాయన కూతురే, నాకు చెప్పింది. టేబుల్ ఫ్యాను పెడితే కళ్ళు మండుతున్నాయన్నారు.

"నువ్వు చెయ్యి" అన్నారు అత్తయ్య.

"ఏంటి?"

"ఫ్యాను. నీ ఫ్యాన్లు బాగుంటాయి."

నా వల్ల కాదన్నాను. వంటింట్లోకి వెళ్ళిపోయాను. అవతలినుంచి ఆవిడ పిలవలేదు. పిలిచేటంత ఊపిరి లేదు. ఆ సంగతి తెలిసి కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను.

సీసం బాబాయికి ఈసారి నిజం చెప్పాను. ఆయన డబ్బా అడుగునుంచి కొత్తది ఒకటి, ఇంకా కవరులో ఉన్నది, తీసి, తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని ఇచ్చాడు. సెల్‌ఫోను చార్జరుకి కలపమన్నాడు, అప్పుడు మెల్లగా తిరుగుతుందట. కిటికీ చువ్వకి తీగెతో బిగించాను. బయటి గాలి లోపలికి వచ్చేలా. ఏ వైపునుంచి వస్తోందో ఏ వైపుకి పోతోందో నాలుగుసార్లు చూశాను. తగిలేది చెంపకా కంటికా అని నా మొహం దిండుమీద పెట్టి చూసుకున్నాను.

"ఎలా ఉంది?"

ఆవిడ తల ఊపారు. తర్వాత వేలు చూపించారు, ఫ్యాను వైపు. అర్థం కాలేదు.

"దారం" అన్నారు. కాసేపాగి, "ఏడోది."

పన్నెండు దారాలూ ఒక కవరులో ఉన్నాయి. ఏది ఏడోదో నాకు తెలియదు, అన్నీ ఒకేలాంటి ఎర్ర ఊలు. ఒకటి తీసి ఫ్యాను జాలీకి కట్టాను. అది వెంటనే లేచి, మంచంవైపు సాగి, ఊగడం మొదలుపెట్టింది.

"లేచారు" అన్నారు అత్తయ్య. అదే ఆవిడ చివరి వేళాకోళం.

పదకొండు రోజులు ఆ దారం అలాగే ఊగింది. పన్నెండో రోజు మధ్యాహ్నం, ఎండ కిటికీలోంచి మంచం కాళ్ళదాకా వచ్చింది. నేను కుర్చీలో కూర్చుని ఉతికిన దిండు గలీబులు మడతపెడుతున్నాను. ఆక్సిజన్ యంత్రం చప్పుడు చేస్తోంది. దారం ఊగుతోంది. ప్రతి మడతకీ తలెత్తి దారం చూసేదాన్ని. అది కదులుతోంది కాబట్టి మళ్ళీ తల దించుకునేదాన్ని. గుడారం దగ్గర అన్ని రోజులూ అలాగే చూశాను కదా. దారం కదిలితే అంతా సవ్యంగా ఉన్నట్టు.

ఆఖరి గలీబు మడిచి లేచాక, అప్పుడు అత్తయ్య వంక చూశాను.

ఎంతసేపైందో తెలియదు. నేను ఒక్కసారి దారాన్ని కాక ఆవిడని చూసి ఉంటే తెలిసేది. మా ఆయనకి ఫోను చేశాను. వచ్చేదాకా ఏదీ ముట్టుకోలేదు. యంత్రం ఆయన ఆపారు. ఫ్యాను మాత్రం నేనే ఆపాను. ప్లగ్గు తీశాక కూడా రెక్కలు కాసేపు తిరిగాయి. దారం కిందికి జారి, జాలీకి ఆనుకుని, ఆగింది.